పనిచేయని గేమ్‌బాయ్‌లు మూడు కొన్నాను, ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తచెయ్యి · #1

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప రాయడం ఇదే మొదలు.

చిన్నప్పుడు ఎవరి చేతిలోనో చూసి "ఒక్కసారి ఇవ్వవా" అని అడిగి అడిగి వదిలేసిన వస్తువు ఈ గేమ్‌బాయ్, చేతిలో పట్టుకుని ఆడే నింటెండో గేమ్ కన్సోల్. ఇప్పుడు మూడు ఒకే పెట్టెలో అమ్మకానికి కనిపిస్తే ఆగలేకపోయాను. ప్రకటనలో "టెస్ట్ చేయలేదు, సెల్లులు లేవు" అని ఉంది. ఇంటికొచ్చాక తేలిందిది.

బూడిదరంగు పాత గేమ్‌బాయ్ (డీఎంజీ-01) ఆన్ అవుతోంది, శబ్దం బ్రహ్మాండంగా ఉంది. కానీ తెర మీద నిలువుగా ఆరు గీతలు మాయం. ఎవరో దువ్వెనతో దువ్వినట్టుంది. గేమ్‌బాయ్ అడ్వాన్స్‌లో కొత్త సెల్లులు వేస్తే పచ్చలైటు వెలిగి, వెంటనే ఎర్రబడి, మూడు సెకన్లలో ఆరిపోతోంది. మూడోది గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్పీ, మడత పెట్టేది. వెనక స్టిక్కర్ మీద ఏజీఎస్-101 అని ఉంది కాబట్టి మంచి తెర ఉన్నదే దొరికిందని సంబరపడ్డాను. ఆన్ అవుతోంది గానీ తెర ఏదో పాలిపోయినట్టు ఉంది.

నా దగ్గర మామూలు స్క్రూడ్రైవర్లు, ఒక సోల్డరింగ్ ఐరన్, ఇంట్లో ప్లగ్గులో కరెంటు ఉందో లేదో చూడటానికి తప్ప వాడని మల్టీమీటర్ ఉన్నాయి. దేన్ని ముందు విప్పమంటారు?

బొత్తాం_రాజు · #2

తమ్ముడూ, ముందు ఒక అనువాదం నేర్చుకో. "టెస్ట్ చేయలేదు" అంటే "టెస్ట్ చేశాం, పనిచేయలేదు" అని. "సెల్లులు లేవు" అంటే "సెల్లులు లోపలే కారిపోయాయి, తీసి పారేశాం" అని. "చిన్నచిన్న గీతలు" అంటే మాత్రం అర్థం అడక్కు, ఏడుస్తావ్.

మూడింట్లో రెండు ఆన్ అవుతున్నాయంటే నీది మంచి చెయ్యే.

పాతచిప్పు · #3

దేన్నీ విప్పకండి. ఇంకా.

ముందు సెల్లుల గది మూత తీసి వెలుతురులో చూడండి. స్ప్రింగుల మీదా, రేకుల మీదా తెల్లటి పొడిగానీ, పచ్చగా, నీలంగా చిలుముగానీ ఉందా? కారిన ఆల్కలైన్ సెల్లులో ఉండేది పొటాషియం హైడ్రాక్సైడ్. క్షారం కాబట్టి దానికి విరుగుడు ఆమ్లం. చెవిపుల్లను తెల్ల వెనిగర్‌లో ముంచి రుద్దితే సన్నగా బుసబుసమని నురగ వస్తుంది. నురగ ఆగాక ఆ వెనిగర్‌ను కూడా తుడిచెయ్యాలి, లేదంటే అదే మళ్లీ లోహాన్ని తింటుంది. చివర్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 90 శాతం పైమాటే వాడండి. నీళ్లు ఎక్కువ కలిసినది తేమ వదిలిపెడుతుంది.

స్క్రూడ్రైవర్ విషయం. బయటి స్క్రూలకు మూడు రెక్కల తల ఉంటుంది, ట్రై-వింగ్ అంటారు. సన్నటి మైనస్ స్క్రూడ్రైవర్‌తో తిప్పేద్దామని చూస్తే తల గుండ్రంగా అరిగిపోతుంది, ఆ తర్వాత డ్రిల్లు తప్ప దారి ఉండదు. సరైనది చేతికి వచ్చేదాకా ఆగండి. పాత డీఎంజీల్లో కొన్నిటికి మామూలు ప్లస్ స్క్రూలే ఉంటాయి, అది అదృష్టం.

కొత్తచెయ్యి · #4

గురువుగారూ, మీరు చెప్పినట్టే చూశాను. అడ్వాన్స్‌లో ఒక స్ప్రింగు అడుగున తెల్లపొడి, కొంచెం చిలుము. వెనిగర్ పెడితే నిజంగానే నురగొచ్చింది! ఇప్పుడు మెరుస్తోంది. కానీ జబ్బు అలాగే ఉంది. పచ్చ, ఎరుపు, చీకటి.

ట్రై-వింగ్ తెప్పించి విప్పాను. స్విచ్‌ను మల్టీమీటర్ బీప్ మోడ్‌లో చూస్తే ఆన్‌లో బీప్ కొడుతోంది, ఆఫ్‌లో కొట్టట్లేదు. కాబట్టి స్విచ్ బాగానే ఉందనుకుంటున్నాను. బోర్డే పోయిందా?

పాతచిప్పు · #5

> బీప్ కొడుతోంది కాబట్టి స్విచ్ బాగానే ఉందనుకుంటున్నాను

ఇక్కడే అందరం పడతాం. నేనూ పడ్డాను, ఒక బోర్డు మార్చేదాకా తెలియలేదు.

బీప్ మోడ్ అడిగే ప్రశ్న "దారి ఉందా" అని మాత్రమే. దారి ఎంత ఇరుకో అది చెప్పదు. చాలా మీటర్లు పదుల ఓమ్‌ల నిరోధం ఉన్నా హాయిగా బీప్ కొట్టేస్తాయి. మీ అడ్వాన్స్ ఆడుతున్నప్పుడు సుమారు 150 మిల్లీ ఆంపియర్లు లాగుతుందనుకోండి. స్విచ్ లోపల మురికి వల్ల 4 ఓమ్‌ల నిరోధం ఉంటే చాలు, 0.6 వోల్టులు అక్కడే ఆవిరి. రెండు సెల్లులు ఇచ్చేదే 3 వోల్టులు. మిగిలిన 2.4ను చూసి కన్సోల్ "సెల్లులు అయిపోయాయి" అనుకుని ఎర్రలైటు వెలిగిస్తుంది. ఇంకాస్త లాగగానే ఆరిపోతుంది. తప్పు దానిది కాదు, దానికి అందుతున్న కబురు అలాంటిది.

కాబట్టి వోల్టులు కొలవండి, అదీ కన్సోల్ ఆన్‌లో ఉండగా. నల్ల ముల్లు నెగటివ్ రేకు మీద. ఎర్ర ముల్లు ఒకసారి స్విచ్‌కి ముందు, ఒకసారి తర్వాత. మూడు సెకన్లే బతుకుతోంది కాబట్టి ఇంకొకరి చెయ్యి సాయం తీసుకోండి.

కొత్తచెయ్యి · #6

మా ఆవిడ స్విచ్ తోసింది, నేను ముళ్లు పట్టుకున్నాను. ముందు 2.94. తర్వాత 2.21!!

పాతచిప్పు · #7

దొంగ దొరికాడు.

సోల్డర్_తల్లి · #8

అడ్వాన్స్‌లోనూ, గేమ్‌బాయ్ కలర్‌లోనూ నేను చూసిన "చచ్చిపోయిన" వాటిలో సగానికి సగం ఈ స్విచ్చే. బోర్డు మార్చేసే వాళ్లను చూస్తే గుండె తరుక్కుపోతుంది.

శుభ్రం చేసే పద్ధతి: సెల్లులు తీసెయ్యండి. స్విచ్ పక్క సందుల్లోంచి ఐసోప్రొపైల్ రెండు చుక్కలు, లేదా ఎలక్ట్రానిక్స్ కాంటాక్ట్ క్లీనర్ ఒక్క పిచికారీ. వెంటనే స్విచ్‌ను ముప్ఫై నలభై సార్లు ఇటూ అటూ ఆడించండి. ఆరనివ్వండి. మళ్లీ అదే పని. మూడు విడతలకు చాలావరకు దారికొస్తుంది. తలుపు బందులకు కొట్టే నూనె స్ప్రే మాత్రం వద్దు. ఆ రోజు పనిచేస్తుంది, నెల తిరిగేసరికి దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

అలా రాకపోతే స్విచ్ పైరేకు చెవులు నాలుగు లేపి, విప్పి, లోపలి రాగి ముక్కలను రబ్బరుతో (పెన్సిల్ గీతలు చెరిపేదే) తుడవచ్చు. లోపల ఉండే బుల్లి రేకులు ఎగిరిపోతే వెతుక్కోలేరు, తెల్లగుడ్డ పరుచుకుని చేయండి. అదీ కుదరకపోతే కొత్త స్విచ్ సోల్డర్ చేయడమే.

గడబిడ_గేమర్ · #9

అన్నా, విప్పినవ్ గద, డిస్ప్లే రిబ్బన్ (తెరను బోర్డుకు కలిపే పల్చటి పట్టీ) జర జాగ్రత్త. అడ్వాన్స్‌ల రిబ్బన్‌ను పట్టే కనెక్టర్‌కు రెండు దిక్కుల సన్న లాక్ ఉంటది. దాన్ని గోరుతోని ఒక్క మిల్లీమీటర్ పైకి లేపాలె, గంతే. నేను మొదటిసారి తెల్వక రిబ్బన్‌నే పట్టి గుంజిన. లాక్ ముక్క పటుక్కున ఇరిగి యాడ పడ్డదో ఇప్పటిదాంక దొరకలే. గా కన్సోల్ ఇప్పటికీ రిబ్బన్ మీద మడతపెట్టిన టేపు ముక్క ఒత్తిడితోనే నడుస్తున్నది.

కొత్తచెయ్యి · #10

లాక్ గురించి రాత్రి చదివి ఉంటే బాగుండేది. ఒక పక్క లేపాను, రెండో పక్క లేపకుండానే లాగాను. విరగలేదు గానీ చెమటలు పట్టాయి.

మంచివార్త. స్విచ్ నాలుగు విడతలు కడిగాను. ఇప్పుడు ముందు 2.95, తర్వాత 2.89. పచ్చలైటు పచ్చగానే ఉంది. గంటసేపు ఆడాను. మా ఆవిడ "అంటే మార్చింది ఏమీ లేదా, ఉత్త ఆల్కహాలేనా?" అంది.

బొత్తాం_రాజు · #11

చాలా సమస్యలకు అదే సమాధానం అని చెప్పకు, ఇంట్లో ఇబ్బంది.

రెండుతెరలు · #12

శుభం. మరి ఆ ఎస్పీ సంగతి? "పాలిపోయినట్టు ఉంది" అన్నది చదవగానే నాకు అనుమానం వచ్చింది. తెర కింద మధ్యలో సూర్యుడి బొమ్మ ఉన్న బొత్తాం నొక్కండి. వెలుగు పూర్తిగా ఆరిపోతోందా? లేక మామూలు వెలుగు, ఎక్కువ వెలుగు మధ్య మారుతోందా?

కొత్తచెయ్యి · #13

ఆరిపోతోంది. మళ్లీ నొక్కితే వెలుగుతోంది. అంటే?

రెండుతెరలు · #14

అంటే అది 101 కాదండీ, 001.

2003లో వచ్చిన ఎస్పీ తెరకు వెలుగు ముందు పక్కనుంచి పడుతుంది, అద్దం అంచున దీపం పెట్టినట్టు. బొత్తాం నొక్కితే ఆ దీపం ఆరుతుంది. 2005లో తెచ్చిన 101లో వెలుగు తెర వెనకనుంచి వస్తుంది. దానిలో ఆర్పడమనేదే లేదు, రెండు మెట్ల వెలుగు మాత్రమే. ఈ తేడా వల్లే 101 ధర ఎక్కువ, అందుకే స్టిక్కర్లకు రెక్కలొస్తాయి. వెనక స్టిక్కర్ ఎవరైనా అతికించగలరు. బొత్తాం మాత్రం అబద్ధమాడదు.

ఇకమీదట కొనేటప్పుడు అమ్మేవాళ్లను అడగాల్సింది "101 ఏనా?" అని కాదు. "ఆ బొత్తాం రెండుసార్లు నొక్కుతూ చిన్న వీడియో పంపండి" అని. నిజాయితీపరులు పంపుతారు. మిగతావాళ్లు జవాబివ్వడం మానేస్తారు, అదీ జవాబే.

సోల్డర్_తల్లి · #15

అమ్మినవాళ్లు మోసం చేశారనే అనుకోనక్కర్లేదు. ఎప్పుడో ఎవరో బాడీ మార్చి ఉంటారు, కొత్త బాడీతో పాటు 101 స్టిక్కర్ వచ్చి ఉంటుంది. స్క్రూలు చూడండి. ఒక్కోటి ఒక్కో రంగులో, తలలు అరిగి ఉంటే ఇంతకుముందే ఒకరు లోపలికి వెళ్లొచ్చారన్నమాట. బొత్తాలు నొక్కితే ఊగుతూ, లేదా బిగుతుగా ఇరుక్కుంటూ ఉంటే బాడీ అసలుది కాదు.

ఆ పనిలో పనిగా దాని బ్యాటరీ కూడా తీసి చూడండి. ఎస్పీలో లిథియం బ్యాటరీ ఉంటుంది. బల్ల మీద పెడితే సమంగా కూర్చుంటోందా, పొట్ట ఉబ్బి గిరగిరా తిరుగుతోందా? తిరిగితే మళ్లీ లోపల పెట్టకండి, చార్జింగ్ అసలే వద్దు, గుచ్చడం, నొక్కడం చేయకుండా ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే చోట ఇచ్చెయ్యండి. సోనీ వాళ్ల పీఎస్పీ కొనేవాళ్లకూ ఇదే మాట. వెనక మూత లేచి ఉన్న పీఎస్పీ ఫొటో కనిపిస్తే కారణం మూత కాదు. ఇంకోటి, అసలు ఎస్పీ బ్యాటరీ 600 మిల్లీ ఆంపియర్ అవర్లది. అదే సైజు బ్యాటరీ మీద దానికి మూడింతలు రాసుంటే రాసినవాడి ధైర్యాన్ని మెచ్చుకుని పక్కన పెట్టండి.

కొత్తచెయ్యి · #16

బ్యాటరీ సమంగానే కూర్చుంది. స్క్రూలు మూడు నల్లవి, రెండు వెండిరంగువి. అక్కా, మీరు చూడకుండానే చెప్పేశారు.

సరే, అమ్మినాయనకు రాశాను, ఇంకా జవాబు లేదు. ఇప్పుడు అసలు ప్రశ్న. అడ్వాన్స్ పనిచేస్తోంది కానీ కిటికీ పక్కన కూర్చుంటే తప్ప ఏమీ కనపడట్లేదు. అందరూ అసలు తెర తీసేసి ఐపీఎస్ డిస్ప్లే (తనంతట తనే వెలిగే కొత్తరకం తెర) వెయ్యమంటున్నారు. వెయ్యనా?

పాతతెర · #17

వద్దు.

సరే, ఒక్కమాటతో వదిలేస్తే బాగుండదు కాబట్టి చెబుతాను. 2001లో అడ్వాన్స్ వచ్చినప్పుడు దానికి వెలుగే లేదు. గేములు చేసినవాళ్లకు అది తెలుసు. అందుకే తొలినాళ్ల గేముల్లో చాలావాటికి రంగులు కావాలనే మరీ లేతగా, వెలిసినంత ప్రకాశంగా పెట్టారు, చీకటి తెర మీద సరిగ్గా కనపడాలని. అవే రంగులు ఐపీఎస్ మీద చూస్తే సున్నం కొట్టినట్టుంటాయి. అసలు తెర మీద ఎండలో చూడండి, అప్పుడు అర్థమవుతుంది.

ఇంకో సంగతి. పాత తెరలు మందకొడివి, ఒక బొమ్మ చెరిగి ఇంకోటి రావడానికి టైం పడుతుంది. ఆ మందకొడితనాన్నే వాడుకుని నీడలనూ, పారదర్శకంగా కనపడాల్సిన వాటినీ ఒక ఫ్రేములో గీసి ఒక ఫ్రేములో చెరిపేవాళ్లు. పాత తెర మీద రెండూ కలిసిపోయి సగం కనపడేవి. చురుకైన ఐపీఎస్ మీద అదే నీడ టపటపా కొట్టుకుంటుంది. అప్పుడు జనం "గేము పాడైంది" అని ఇక్కడికొచ్చి ప్రశ్నలు వేస్తారు.

గడబిడ_గేమర్ · #18

పాతతెర అన్నా, నువ్వు చెప్పింది కరెక్టే. గని నాకు నలభై దాటినయ్. కిటికీ కాడ కూసుండి మెడ వంచి ఆడే ఓపిక లేదు. ఐపీఎస్ ఏసినంక మల్ల వెనక్కి చూడలే. కొన్ని కిట్లల్ల ఫ్రేములు కలిపే ఆప్షన్ కూడ ఉంటది, నీడలు కొట్టుకునుడు తగ్గుతది.

పాతతెర · #19

మందకొడితనాన్ని కొత్త తెరలో ప్రోగ్రాం రాసి మళ్లీ తెచ్చుకోవడం. నాకింకేం చెప్పాలో తెలియట్లేదు.

సోల్డర్_తల్లి · #20

ఇద్దరూ ప్రతి చర్చలోనూ ఇదే కొట్టుకుంటారు, కొత్తచెయ్యి గారూ, కంగారుపడకండి.

వేసేటట్టయితే మూడు సంగతులు గుర్తుంచుకుంటే చాలు. అడ్వాన్స్ బోర్డులు రెండు రకాలు, డిస్ప్లే కనెక్టర్‌కు 32 పిన్నులున్నవి, 40 ఉన్నవి. కిట్‌తో రెండు రిబ్బన్లూ ఇస్తారో ఒకటే ఇస్తారో చూసుకోండి. విప్పి ఉంది కదా, ఇప్పుడే లెక్కపెట్టేసుకోండి. రెండోది, అసలు తెర పొడవు 240, ఎత్తు 160 చుక్కలు. కొత్త తెర 720, 480 అయితే సరిగ్గా మూడు రెట్లు, ప్రతి చుక్కా చక్కటి గడిలా కనపడుతుంది. పూర్ణ సంఖ్య రెట్లు కాకపోతే కొన్ని చుక్కలు లావుగా, కొన్ని సన్నగా వచ్చి అక్షరాలు వంకరగా కనిపిస్తాయి.

మూడోది బాడీ. పెద్ద తెర అసలు బాడీలో పట్టాలంటే లోపలి ప్లాస్టిక్ గోడలు కత్తిరించాలి. కత్తిరించాక అసలు తెర మళ్లీ సరిగ్గా కూర్చోదు. అందుకని అసలు బాడీకి చెయ్యి పెట్టకుండా ఐపీఎస్ కోసమే చేసిన బాడీ విడిగా తెచ్చుకోండి. అసలు బాడీ, అసలు తెర ఒక కవర్లో పెట్టి దాచండి. రేపు మనసు మారితే పాతతెర గారి పార్టీలోకి మారొచ్చు.

పాతచిప్పు · #21

నాలుగోది నేను చెబుతాను. ఐపీఎస్ ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ స్విచ్ లెక్క మళ్లీ వేసుకోండి. మీకిప్పుడు 0.06 వోల్టులే పోతున్నాయి కాబట్టి పర్వాలేదు. కానీ "ఐపీఎస్ పెట్టాక వెలుగు పెంచితే ఆగిపోతోంది, కిట్ పాడైంది" అని వచ్చేవాళ్లలో ఎక్కువమంది స్విచ్ కడగని వాళ్లే. చార్జింగ్ సెల్లులు వాడితే ఒక్కోటి 1.2 వోల్టులే కదా, అప్పుడు మార్జిన్ ఇంకా తక్కువ.

సెగాపిచ్చి · #22

మధ్యలో వచ్చి అడుగుతున్నందుకు క్షమించాలి. నా దగ్గర సెగా వాళ్ల గేమ్ గేర్ ఉంది, ఇదీ చేతిలో పట్టుకు ఆడేదే. శబ్దం గుసగుసలా వస్తోంది, తెర వెలవెలబోతోంది. దీనికీ స్విచ్చేనా?

సోల్డర్_తల్లి · #23

కాదు. దాని జబ్బు దానిదే, పుట్టుకతో వచ్చింది. 1990 నాటి గేమ్ గేర్‌లో వాడిన చిన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు అడుగునుంచి కారతాయి. అన్నీ కారతాయి, ముందో వెనకో. శబ్దం తగ్గడం, తెర పాలిపోవడం, చివరికి ఆన్ కాకపోవడం అన్నీ ఆ వరసే. ఐరన్ తగిలించగానే కుళ్లిన చేపల వాసన వస్తే అనుమానం తీరినట్టే. కిటికీలు తెరుచుకోండి.

ఒక్కటి మార్చి చూద్దాం అనుకోవద్దు, మొత్తం మార్చాలి. మెయిన్ బోర్డు, సౌండ్ బోర్డు, పవర్ బోర్డు మూడింటి మీదా ఉంటాయి. పాతవాటిని పీకేటప్పుడే ప్రమాదం. కారిన ద్రవం ప్యాడ్ (కెపాసిటర్ కాలు అతికే బోర్డు మీది రాగి రేకు) కింది జిగురును తినేసి ఉంటుంది, కొంచెం లాగితే ప్యాడ్ కూడా ఊడి వస్తుంది. ముందు ఫ్లక్స్ (సోల్డర్ బాగా పారేందుకు పూసేది) పూసి, రెండు కాళ్లకూ కొత్త సోల్డర్ దండిగా ఇవ్వండి. రెండూ కరిగి ఉన్నప్పుడు దానంతట అది జారాలి. జారకపోతే వేడి చాలలేదని అర్థం, బలం చాలలేదని కాదు. పాతవి తీశాక ప్యాడ్లు తళతళలాడేదాకా కడిగి అప్పుడే కొత్తవి వెయ్యండి. సిరామిక్‌వి వేస్తే ప్లస్ మైనస్ గొడవ ఉండదు. టాంటాలమ్ తిరగేసి వేస్తే నిప్పు రవ్వలు చూడాల్సొస్తుంది.

మొదటి సోల్డరింగ్ పనిగా మాత్రం ఇది పెట్టుకోకండి.

సెగాపిచ్చి · #24

మొదటిదే మరి.

సోల్డర్_తల్లి · #25

అయితే పాడైపోయిన ఏదైనా పాత రేడియో బోర్డు మీద ఇరవై కెపాసిటర్లు పీకి, మళ్లీ అతికించి, అప్పుడు రండి. కొత్త చర్చ తెరవండి, ఇక్కడ కలిసిపోతుంది. ఫొటోలు పెట్టండి, చూస్తాను.

కొత్తచెయ్యి · #26

ఇక మిగిలింది డీఎంజీ. ఆ ఆరు గీతల గురించి వీడియోల్లో సోల్డరింగ్ ఐరన్‌ను తెర మీద రుద్దుతున్నారు. ఇది నిజమేనా, ఆటపట్టిస్తున్నారా?

పాతచిప్పు · #27

నిజమే, కానీ తెర మీద కాదు.

1989 నాటి ఈ తెరకు 160 నిలువు వరసలు. ఒక్కో వరసకూ గాజు అంచునుంచి సన్నటి రిబ్బన్ ద్వారా కనెక్షన్ వెళుతుంది. ఆ రిబ్బన్‌ను గాజుకు సోల్డర్ చేయలేదు, వేడితో అంటుకునే జిగురుతో ఒత్తి పట్టించారు. మూడు దశాబ్దాలు దాటాక అక్కడక్కడా ఆ పట్టు వదులుతుంది. పట్టు వదిలిన వరస మీకు మాయమైన గీతగా కనపడుతుంది. అంటే తెర చావలేదు, చెయ్యి జారింది అంతే.

ముందు భాగాన్ని వేరుచేసి, తెర ఉన్న బోర్డును పైకి తీసుకోండి. తెర కింది అంచున రబ్బరు పట్టీ ఉంటుంది, దాన్ని మెల్లగా లేపితే ఆ రిబ్బన్ కనపడుతుంది. ఐరన్ వేడిని తగ్గించి, మొన బాగా శుభ్రం చేసి, కన్సోల్ ఆన్‌లో ఉంచి, గీత మాయమైన చోటికి సూటిగా కింద ఆ రిబ్బన్ మీద ఇస్త్రీ చేసినట్టు పక్కకు జరుపుతూ పోవాలి. ఆగకూడదు. ఆగితే రిబ్బన్ కాలుతుంది. గాజుకూ, దానిపైన ఉండే పోలరైజర్ పొరకూ మొన తగలకూడదు. గీత టక్కున తిరిగొస్తుంది, చూస్తే భలే ఉంటుంది. వచ్చాక చల్లారనివ్వండి, చల్లారాక పోతే మళ్లీ ఒక్కసారి.

అడ్డగీతలు పోయి ఉంటే ఈ పని చెయ్యమని చెప్పేవాణ్ని కాదు. అవి పక్క రిబ్బన్‌వి, అక్కడ చెయ్యి పట్టదు. ఇంకోమాట, తెర మధ్యలో కాలినట్టు నల్లటి మచ్చ ఉంటే అది ఎండ తగిలి పోలరైజర్ పాడవడం. దానికి ఐరన్‌తో పని లేదు, ఆ పొర మార్చాలి.

బొత్తాం_రాజు · #28

డీఎంజీ విప్పినప్పుడు వెనక భాగాన్నీ ముందు భాగాన్నీ కలిపే రిబ్బన్ ఒకటుంటుంది. పుస్తకం తెరిచినట్టు తెరువు, డబ్బా మూత ఊడబీకినట్టు కాదు.

కొత్తచెయ్యి · #29

ఐదు వచ్చాయి! ఒక్కో గీత వెలిగినప్పుడల్లా ఇంట్లో అందర్నీ పిలిచాను. ఆరోది మాత్రం రానంటోంది. మూడుసార్లు ప్రయత్నించాను, వస్తుంది, చల్లారాక పోతుంది.

పాతచిప్పు · #30

వదిలెయ్యండి. నాలుగోసారికి పక్కన ఉన్న ఐదూ పోయిన వాళ్లను చూశాను. కుడి అంచునా, మధ్యలోనా?

కొత్తచెయ్యి · #31

ఎడమ అంచున, చివరినుంచి రెండోది. ఆడేటప్పుడు కనపడదు. వదిలేశాను.

బాడీ వెనక ఎవరో పిన్నుతో రెండక్షరాలు గీసుకున్నారు. కొత్త బాడీ తెప్పిద్దామనుకున్నాను గానీ ఇప్పుడు మనసు రావట్లేదు. కొంచెం పసుపుపచ్చగా అయింది, దాన్ని మాత్రం తెల్లబరచొచ్చా?

పాతతెర · #32

మొదటిసారి మీ మాట నచ్చింది. బాడీ మార్చకండి.

హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలోగానీ యూవీ దీపం కిందగానీ పెడితే పసుపు పోతుంది. కానీ పూత ఎగుడుదిగుడుగా పడితే మచ్చలు మచ్చలుగా తేలుతుంది, అది పసుపు కన్నా ఘోరం. కొన్నాళ్లకు మళ్లీ పసుపెక్కడం కూడా ఉంది. నేనైతే సబ్బునీళ్లతో కడిగి ఊరుకుంటాను. చేతికి గ్లౌజులు లేకుండా పెరాక్సైడ్ ముట్టుకోవద్దు.

కొత్తచెయ్యి · #33

సబ్బునీళ్లే. ఇంకో ప్రశ్న. పెట్టెలో పోకెమాన్ గోల్డ్ గేము కార్ట్రిడ్జ్ (కన్సోల్‌లో దూర్చే గేము డబ్బీ) కూడా వచ్చింది. డీఎంజీలో పెడితే మొదట లోగో స్థానంలో నల్లటి దిమ్మ దిగి ఆగిపోయింది. ఊదితే...

సోల్డర్_తల్లి · #34

ఊదకండి!

కొత్తచెయ్యి · #35

...ఊదలేదక్కా, ఊదితే మీరు తిడతారని తెలుసు, ఆల్కహాల్‌తో చెవిపుల్ల పెట్టి తుడిచాను అని రాయబోతున్నాను. ఇప్పుడు పనిచేస్తోంది. అందులో ఎవరిదో సేవ్ (ఎక్కడిదాకా ఆడారో దాచుకున్నది) ఇంకా ఉంది! వందగంటలు దాటి ఆడారు. ఇది ఎన్నాళ్లుంటుంది?

రెండుతెరలు · #36

ఉండటమే ఆశ్చర్యం. ఆ గేములో సేవ్‌ను పట్టుకుని ఉన్నది లోపలి బిళ్ల బ్యాటరీ. పైగా అదే బ్యాటరీ లోపల గడియారాన్ని కూడా నడుపుతుంది, కాబట్టి త్వరగా అయిపోతుంది. ఇప్పటిదాకా బతికి ఉందంటే ఎవరో ఒకసారి మార్చి ఉంటారు. బ్యాటరీ తీసిన మరుక్షణం సేవ్ పోతుంది. కాబట్టి ముందు కార్ట్రిడ్జ్ రీడర్‌తో కంప్యూటర్‌లోకి సేవ్‌ను దింపుకోండి, బ్యాటరీ మార్చండి, మళ్లీ ఎక్కించండి. కార్ట్రిడ్జ్ విప్పడానికి 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ అనే స్క్రూడ్రైవర్ మొన కావాలి, ట్రై-వింగ్ పట్టదు. గోల్డ్‌లో సాధారణంగా సీఆర్2025 ఉంటుంది, అయినా విప్పి దాని మీద నంబరు చూశాకే కొనండి. కొత్తది రేకు కాళ్లు వెల్డ్ చేసి ఉన్నదే కొనాలి. వట్టి బిళ్లకు నేరుగా సోల్డర్ చేయకూడదు, వేడికి పగులుతుంది.

రూబీ, సఫైర్ లాంటి అడ్వాన్స్ గేములకైతే ఈ భయం లేదు. వాటిలో బ్యాటరీ గడియారానికే, సేవ్ ఫ్లాష్ మెమరీలో ఉంటుంది.

గడబిడ_గేమర్ · #37

నల్ల దిమ్మె ఎందుకొస్తదో ఎవ్వరు చెప్పలే. కన్సోల్ లోపల 256 బైట్ల చిన్న ప్రోగ్రాం ఉంటది. ఆన్ జేయంగనే అది కార్ట్రిడ్జ్ల ఉన్న లోగోను, 48 బైట్లే, సదివి తెర మీద దింపుతది, తన కాడ ఉన్నదానితోని సరిపోలుస్తది. పిన్నులు మురికైతే ఏం సదవలేదు కాబట్టి అంత నల్లగ దిమ్మె లెక్క కనవడ్తది, సరిపోలలేదని ఆన్నే ఆగుతది. ఎవలన్న అమ్మేటోళ్లు గా నల్ల దిమ్మె ఫొటో పెట్టి "పాడైంది" అంటే భయపడకు, కొను. లోపల కార్ట్రిడ్జ్ లేకపోయిన గట్లనే వస్తది.

కొత్తచెయ్యి · #38

ఈ ఒక్క మాట ముందే తెలిసుంటే పోయిన వారం ఇంకోటి వదిలేసేవాణ్ని కాదు.

ఎస్పీ అమ్మినాయన జవాబిచ్చాడు. సోల్డర్_తల్లి గారు అన్నట్టే, తను కొన్నప్పుడే ఆ స్టిక్కర్ ఉందట, బొత్తాం సంగతి తనకూ తెలియదట. తేడా డబ్బు కొంత వెనక్కి పంపాడు. ఐపీఎస్ ఇంకా తెప్పించలేదు, కిటికీ పక్కన కుర్చీ వేసుకున్నాను. ప్రస్తుతానికి పాతతెర గారు గెలిచారు.

అడ్వాన్స్‌ను మళ్లీ బిగించేశాను. ప్లాస్టిక్‌లో స్క్రూ పెట్టేటప్పుడు ముందు వెనక్కి తిప్పి, 'టిక్'మని పాత మరలో కూర్చున్నాకే బిగించాలని ఎక్కడో చదివాను, అలాగే చేశాను. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ బల్ల మీద ఒక స్క్రూ మిగిలింది.

పాతచిప్పు · #39

పొట్టిదా, పొడుగుదా? తల ప్లస్సా, మూడు రెక్కలా?

కొత్తచెయ్యి · #40

పొట్టిది. ప్లస్.

పాతచిప్పు · #41

బోర్డును పట్టుకునేది. మళ్లీ విప్పాలి.

గడబిడ_గేమర్ · #42

ఈసారి లాక్ రెండు దిక్కుల లేపు అన్నా.